నాటు మొక్కజొన్నను హైబ్రిడ్ తయారీకి ఎలా పరీక్షించాలి: ప్రకాశం, నెల్లూరు మెట్టలో సేకరణ నుంచి టెస్ట్‌క్రాస్ దాకా

నాటు మొక్కజొన్నను హైబ్రిడ్ పక్కన వేసి తూచితే నాటుది ఓడిపోతుంది. ఎనిమిదడుగులు పెరిగి గాలికి పడిపోతుంది. ఒక మొక్క 45 రోజులకే పూస్తే పక్కది 60 దాకా ఆగుతుంది. దిగుబడి చూసి చాలామంది అక్కడితో వదిలేసి గింజలు కోళ్ళకు పోస్తారు. కానీ బ్రీడర్‌కు తేలాల్సినవి వేరే రెండు సంగతులు. మంచి ఇన్‌బ్రెడ్ లైన్‌తో (తరాల తరబడి తన పుప్పొడి తనకే చల్లి స్థిరపరచిన మొక్కలతో) కలిపితే, అంటే టెస్ట్‌క్రాస్ చేస్తే, ఆ రకం సంతానం ఎంత పండుతుంది? బెట్ట, కాండం కుళ్ళు, ముక్కు పురుగు లాంటి వాటిలో మన లైన్లకు లేని బలం దానిలో ఏమైనా ఉందా? ఈ రెండూ తేల్చడానికి నాలుగైదు సీజన్లు పడుతుంది. మొదటి సీజన్‌లో చేసిన పొరపాటు చివరిదాకా వెంటాడుతుంది కాబట్టి సేకరణ గురించే కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

ముందు అది నాటుదో కాదో తేల్చుకోండి

వెతకాల్సిన చోట్లు: యర్రగొండపాలెం, దోర్నాల వైపు నల్లమల అంచు చెంచు గూడేల్లో ఇళ్ళ చుట్టూ వేసుకునే పెరటి చేలు, గిద్దలూరు, కనిగిరి మెట్ట పొలాలు, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు కొండవాలు ఊళ్ళు. అడవి లోపలి గూడేలకు వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. పొయ్యి పైన పొగ తగిలేలా పొట్టుతో సహా జడలల్లి వేలాడదీసిన పొత్తులు కనబడితే ఆ ఇంట్లో విత్తనం దాచుకునే అలవాటు ఉన్నట్టే. అయినా "మాది నాటు విత్తనమే సార్" అన్న మాటను అక్కడికక్కడే రాసేసుకోవద్దు. మూడు ప్రశ్నలు అడగండి. విత్తనం మొదట ఎవరి దగ్గర తెచ్చారు? ఏ కరువు ఏడాదైనా విత్తనం పోగొట్టుకుని కొట్లో కొన్నారా? చుట్టుపక్కల చేలల్లో ఎవరైనా హైబ్రిడ్ వేస్తున్నారా? రెండో ప్రశ్నకు అవునని వస్తే, మీ చేతిలో ఉన్నది నాలుగైదేళ్ళుగా దాచుకుంటూ వచ్చిన హైబ్రిడ్ గింజ కావచ్చు. దాన్ని హైబ్రిడ్ పనికి వాడితే, హైబ్రిడ్లలోంచి వచ్చిన జన్యువులనే మళ్ళీ హైబ్రిడ్లలోకి పంపినట్టవుతుంది.

తెల్ల గింజ రకమైతే కల్తీ కంటికే కనబడుతుంది. మొక్కజొన్నలో గింజ లోపలి పిండి భాగానికి రెండు వంతులు తల్లి నుంచి, ఒక వంతు పుప్పొడి నుంచి వస్తాయి. పసుపు రంగు జన్యువు తెలుపు మీద పైచేయి. పక్క చేలోని పసుపు హైబ్రిడ్ పుప్పొడి తెల్ల పొత్తు పీచు మీద పడితే ఆ గింజ అదే ఏడాది, అదే పొత్తులో లేత నిమ్మరంగులో కనబడుతుంది. ముదురు పసుపు రాదు, ఎందుకంటే మూడు వంతుల్లో ఒక్కటే పసుపుది. కాబట్టి పొట్టు తీసి పొత్తును ఎండలో తిప్పి చూడండి. 400 గింజల్లో 12 నిమ్మరంగు గింజలుంటే ఆ ఏడాది ఆ పొత్తులో 3 శాతం బయటి పుప్పొడి చేరినట్టు. ఆ గింజలు వేలితో గిల్లి తీసేయండి. ఇంకో సంగతి: పొత్తు నిండా గింజలు ముదురు పసుపుగా ఉంటే అది పుప్పొడి వల్ల వచ్చింది కాదు, తల్లి మొక్కే కల్తీది. అలాంటి పొత్తును మొత్తంగా పక్కన పెట్టండి.

పసుపు రకాల్లో ఈ సులువు లేదు. వాటిని నమ్మాలంటే చేను చుట్టూ హైబ్రిడ్ లేదని తెలియాలి, లేదా డీఎన్‌ఏ మార్కర్ పరీక్ష చేయించాలి.

ఎన్ని పొత్తులు తేవాలి

రైతు "ఇవి తీసుకోండి" అంటూ మంచి పొత్తులు పది ఏరి ఇస్తాడు. మర్యాదగా తీసుకోండి, కానీ నమూనాకు అవి చాలవు. చేనులో అడ్డంగా నడుస్తూ, అంచు నాలుగైదు సాళ్ళు వదిలేసి, చిన్నాపెద్దా చూడకుండా ప్రతి ఐదో పదో మొక్క నుంచి ఒక పొత్తు తీయండి. చేనులో 5 శాతమే ఉన్న జన్యువు ఒక్కసారైనా మన సంచిలో పడిందని 95 శాతం నమ్మకం కావాలంటే 59 బీజకణాలు, అంటే 30 మొక్కలు కావాలి. కానీ మనం వెతికే జన్యువు ఒక్కటి కాదు, పైగా కొన్ని పొత్తులు మొలకెత్తవు. అందుకే 50కి తగ్గకుండా, వీలైతే 100 పొత్తులు తెండి. ఇంట్లో వేలాడదీసినవే దొరికితే అవి అప్పటికే ఏరినవని సంచి చీటీ మీద రాయండి.

ప్రతి పొత్తునూ విడిగా ఒలిచి, ఒక్కొక్కదాని నుంచి సమాన సంఖ్యలో గింజలు లెక్కపెట్టి కలపండి. పెద్ద పొత్తు నుంచి ఎక్కువ, చిన్నదాని నుంచి తక్కువ పడితే మీకు తెలియకుండానే ఎంపిక జరిగిపోతుంది. నీడలో ఆరబెట్టి తేమ 10 శాతానికి దించి, గాలి చొరని డబ్బాలో చల్లగా దాచండి. నట్టెండలో సిమెంటు గచ్చు మీద పోస్తే మొలక చచ్చిపోతుంది. చీటీ మీద ఊరు, మండలం, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, నేల రకం, ఆ ఇంటివారు ఆ రకాన్ని పిలిచే పేరు, దాన్ని సంకటికి వాడతారా, పేలాలకా, పచ్చిపొత్తులు కాల్చుకోవడానికా అన్నవి రాయండి. ఈ చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు. పేలాలకు వాడే రకమైతే గింజ గట్టిగా, గాజులా ఉంటుందని అక్కడే తెలిసిపోతుంది కదా.

మొదటి సీజన్: పెంచడం, పరిశీలించడం

విత్తే కాలం ఇక్కడ తేలిక వ్యవహారం కాదు. నెల్లూరు వైపు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. అక్టోబరులో చదును మడిలో విత్తితే మొలకలు నీళ్ళలో నిలబడతాయి. ఆరు ఆకుల దశ దాకా మొక్క పెరిగే మొగ్గ నేల లోపలే ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులు నీరు నిలిచినా మొక్క పోతుంది. బోదెల మీద విత్తండి, లేదా తుపాన్ల జోరు తగ్గాక నవంబరు ఆఖరులో విత్తండి. ఈ నేలల్లో జింకు లోపం తరచూ కనబడుతుంది. ఆకుల మొదట్లో తెల్లటి పట్టీలు వస్తే అవి రకం లక్షణమని రాసుకుని మోసపోకుండా, ఆఖరి దుక్కిలోనే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసేయండి.

రకాలు ఎక్కువగా, గింజ తక్కువగా ఉన్నప్పుడు మూడుసార్లు పునరావృతం చేయడం కుదరదు. అప్పుడు ఆగ్మెంటెడ్ డిజైన్ వాడండి. ఉదాహరణకు 48 నాటు రకాలు, 4 చెక్ రకాలు (పోలిక కోసం వేసే తెలిసిన రకాలు) ఉంటే చేనును 6 బ్లాకులు చేసి ఒక్కో బ్లాకులో 8 కొత్తవి, 4 చెక్‌లు, అంటే 12 మళ్ళు వేయండి. చెక్‌లు మాత్రమే ప్రతి బ్లాకులోనూ వస్తాయి. నేల తేడాను సరిదిద్దేది అవే. ఒక మడి అంటే 60 సెం.మీ. ఎడంలో 4 మీటర్ల సాళ్ళు రెండు, మొక్కకూ మొక్కకూ 20 సెం.మీ. కుదురుకు రెండు గింజలు వేసి 12 నుంచి 15 రోజులకు ఒక మొక్క ఉంచండి. ఇక్కడ ఒక జాగ్రత్త: విత్తనం పెంచే మడిలో కూలీలు అలవాటుగా సన్నమొక్క పీకి బలమైనది ఉంచుతారు. అలా చేస్తే నమూనా మారిపోతుంది. కుడివైపుది పీకమని, లేదా ఉత్తరం వైపుది పీకమని ఒకే మాట చెప్పండి.

నత్రజని పూర్తి సిఫార్సు మోతాదు వేస్తే నాటు రకాలు విపరీతంగా పెరిగి పడిపోతాయి. అలాగని తక్కువే వేస్తే రేపు టెస్ట్‌క్రాస్‌లు ఎలా స్పందిస్తాయో తెలియదు. విత్తనం సరిపోతే పూర్తి మోతాదులో ఒక సెట్టు, సగం మోతాదులో ఒక సెట్టు వేయడం మేలు.

రాసుకోవాల్సినవి: మడిలో సగం మొక్కలకు మగపూత పుప్పొడి రాల్చిన రోజు, సగానికి పీచు వచ్చిన రోజు, ఆ రెండింటి మధ్య ఎడం, మొక్క ఎత్తు, పొత్తు ఉన్న ఎత్తు, 30 డిగ్రీలకు మించి వాలినవి, పొత్తు కింద కాండం విరిగినవి (ఈ రెండూ విడివిడిగా), పొట్టు పొత్తు కొసను మూసిందా లేదా, గింజ వరసలు, గింజ రకం, 100 గింజల బరువు. పొట్టు సంగతి చిన్నదిగా అనిపిస్తుంది కానీ నల్లమల అంచున చిలుకలు ముందు కొస తెరుచుకున్న పొత్తుల మీదే వాలతాయి. ఆ కొస నుంచే ముక్కు పురుగూ, బూజూ లోపలికి వెళతాయి. నాటు రకాలు హైబ్రిడ్లకు ఇవ్వగల వాటిలో బిగుతైన పొట్టు ఒకటి.

గాలివాటు పరాగ సంపర్కానికి వదిలేస్తే విత్తనం పాడవుతుంది, చుట్టూ హైబ్రిడ్ చేలే కదా. 400 మీటర్ల ఎడం దొరకని చోట చేత్తోనే పరాగం చల్లాలి. ఒక మొక్క పుప్పొడి పక్క మొక్క పీచుకు, ఆ పక్కదాని పుప్పొడి ఇంకోదానికి, ఇలా గొలుసుగా కనీసం 100 మొక్కలు.

చేత్తో పరాగం ఎలా చల్లాలి

కణుపులో పొత్తు మొగ్గ పొడుచుకొచ్చాక, పీచు బయటపడక ముందే బటర్ పేపరు కవరు తొడగండి. పీచు ఒక్క పోగు బయటికొచ్చాక తొడిగితే ఆ పొత్తు లెక్కలోకి రాదు. రోజూ ఉదయం కవరు పైకెత్తి చూడండి. పీచు రెండు సెంటీమీటర్లు వచ్చాక సాయంత్రం దాన్ని కొసకు సమంగా కత్తిరిస్తే తెల్లారేసరికి బ్రష్‌లా సమానంగా పెరుగుతుంది. అదే సాయంత్రం తండ్రి మొక్క మగపూతకు (జల్లుకు) కాగితం సంచి తొడిగి క్లిప్పు పెట్టండి. రాత్రంతా సంచిలో ఉంటే పూత మీద అంటుకున్న బయటి పుప్పొడి చచ్చిపోతుంది.

మర్నాడు మంచు ఆరాక, 8.30 నుంచి 11 లోపు, కాండాన్ని వంచి సంచిని తట్టండి. మంచి పుప్పొడి లేత పసుపులో సన్నని పిండిలా జారుతుంది. ఉండలు కట్టి ఉంటే తడిసిందని అర్థం, పారేయండి. బ్రష్ మీద పోసి, అదే సంచిని పొత్తు మీద బోర్లించి కాండానికి కట్టండి. సంచి మీద పెన్సిలుతో తల్లి, తండ్రి, తేదీ రాయండి. పెన్ను రాత వానకు కరిగిపోతుంది. ఒక తండ్రి నుంచి ఇంకో తండ్రికి మారేటప్పుడు చేతులు స్పిరిట్‌తో తుడుచుకోండి. 38 డిగ్రీలు దాటిన రోజుల్లో పుప్పొడి గంటల లోపే చచ్చిపోతుంది. మార్చి ఆఖరున పూత వచ్చేలా విత్తితే చేసిన శ్రమంతా వృథా.

బెట్ట, కుళ్ళు, పురుగు

బెట్ట పరీక్షకు ఈ ప్రాంతం బాగా కలిసొస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా సాధారణంగా వాన ఉండదు. డిసెంబరు మొదటి పక్షంలో విత్తితే ఫిబ్రవరిలో పూత వస్తుంది, ఎండ ఇంకా మండదు. జనవరిలో విత్తితే బెట్టా, వేడీ కలిసిపోయి ఏ దెబ్బ దేనిదో తెలియదు. ఎర్రనేలలో పూతకు రెండు వారాల ముందు, నల్లరేగడిలో మూడు వారాల ముందు నీళ్ళు ఆపండి. పక్కనే మామూలుగా నీళ్ళిచ్చిన మళ్ళు కూడా ఉండాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. బెట్టలో మగపూత మామూలుగానే వస్తుంది, పీచు మాత్రం ఆలస్యమవుతుంది. ఆ ఎడం నీళ్ళిచ్చిన మడిలో ఒకటి రెండు రోజులుండి బెట్టలో ఐదు దాటితే పొత్తుల్లో గింజలు పట్టవు. బెట్టలోనూ మూడు రోజులకు మించని రకాన్ని ఎర్రపెన్నుతో గుర్తుపెట్టండి. పొత్తు లేని మొక్కల లెక్క కూడా తప్పనిసరి.

అదే బెట్ట మడిలో కోతప్పుడు ఒక్కో రకం నుంచి పది కాండాలు నేల దగ్గర నిలువునా చీల్చండి. లోపలి బెండు నారలుగా విడిపోయి, మధ్యలో మసి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే అది మసికుళ్ళు. పూత దశలో నీటి ఎద్దడి పడిన రబీ మొక్కజొన్నను ఎక్కువగా పడగొట్టేది ఇదే. పొలంలో తెగులు సమానంగా రాదు కాబట్టి, పరిశోధన కేంద్రంలో శిలీంధ్రం పెంచిన టూత్‌పిక్‌ను పూత తరవాత కింది కణుపులో గుచ్చి 1 నుంచి 9 కొలమానంలో మార్కులు వేసే పరీక్ష కూడా జరగాలి.

కత్తెర పురుగు 2018లో దేశంలోకి వచ్చింది. దాన్ని పూర్తిగా తట్టుకునే నాటు రకం దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మందు కొట్టని మడిలో ఆకు నష్టానికి 1 నుంచి 9 మార్కులు వేయండి చాలు. ముక్కు పురుగు పరీక్ష మాత్రం ఇంట్లోనే చేయొచ్చు. 200 గ్రాముల గింజ సీసాలో పోసి 20 పెద్ద పురుగులు వదిలి, మూతికి గుడ్డ కట్టి, రెండు మూడు నెలలకు తొలిచిన గింజలు లెక్కపెట్టండి. గింజలన్నీ ఒకే తేమలో ఉండాలి, లేకపోతే ఫలితం తేమది అవుతుంది.

టెస్ట్‌క్రాస్

ఇప్పుడు 48లో 10, 15 మిగులుతాయి. వీటిని వేర్వేరు హెటెరోటిక్ వర్గాలకు (ఒకదానితో ఒకటి కలిపితే సంతానం బాగా పండే వర్గాలకు) చెందిన రెండు టెస్టర్లతో, అంటే పరీక్షకు వాడే లైన్లతో కలపాలి. తెలుగు నేల మీద అందరికీ తెలిసిన జంట బీఎంఎల్ 6, బీఎంఎల్ 7. డీహెచ్‌ఎం 117 హైబ్రిడ్ తల్లిదండ్రులివి. ఒకదానితో ఒకటి బాగా కలిసే లైన్లు కాబట్టి టెస్టర్లుగా పనికొస్తాయి. విత్తనం వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి ఒప్పందపత్రం మీద తీసుకోవాలి.

నాటు రకాన్ని తల్లిగా, టెస్టర్‌ను తండ్రిగా పెట్టండి. తారుమారు చేస్తే ఇన్‌బ్రెడ్ పొత్తు చిన్నది, గింజ సన్నది. ఆ విత్తనం మొలకలోనే వెనకబడి రకానిది కాని లోపం రకం మీద పడుతుంది. ఒక్కో జతకు 40 నాటు మొక్కల మీద చల్లి, పొత్తుకు 30 గింజలు చొప్పున కలిపితే 1200 గింజలు. మడికి 80 గింజలు, మూడు పునరావృతాలు, నాలుగు చోట్లు అంటే ఒక సీజన్‌కు 960. మిగతావి దాచుకోవడానికి.

ఇక్కడ ఎక్కువగా చెడేది పూత కాలం. నాటు రకం 48 రోజులకు పీచు వేస్తే టెస్టర్ 58కి గానీ పూయకపోవచ్చు. టెస్టర్‌ను ఐదేసి రోజుల ఎడంలో మూడు విడతలుగా, మొదటి విడత నాటు రకానికి పది రోజుల ముందే విత్తండి.

దిగుబడి లెక్క

టెస్ట్‌క్రాస్‌లను కనీసం మూడు చోట్ల, రెండు సీజన్లు వేయండి. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న మెట్ట, ఒక నల్లరేగడి పొలం, నెల్లూరు వైపు వరి తరవాత వేసే పొలం లాంటి తేడా ఉన్న చోట్లయితే మంచిది. పొడుగు రకం పక్క పొట్టిదాన్ని నీడలో ముంచేస్తుంది కాబట్టి ఎత్తు, కాలపరిమితి దగ్గరగా ఉన్నవాటిని ఒక గుంపుగా వేయండి. 85 రోజుల టెస్ట్‌క్రాస్‌ను 105 రోజుల చెక్‌తో పోల్చి తక్కువ పండిందనడం అన్యాయం. మెట్టలో ఆ ఇరవై రోజులే పంటను కాపాడొచ్చు.

ఒక మడి లెక్క చూడండి. పచ్చి పొత్తుల బరువు 3.2 కిలోలు, గింజలో తేమ 24 శాతం, ఒలిచాక గింజ 78 శాతం, మడి వైశాల్యం 4.8 చదరపు మీటర్లు. 3.2 × 0.78 = 2.496. దాన్ని 15 శాతం తేమకు మార్చాలంటే 76/85తో గుణిస్తే 2.23 కిలోలు. 10,000/4.8తో గుణిస్తే హెక్టారుకు 4,650 కిలోలు, ఎకరాకు దాదాపు 18.8 క్వింటాళ్ళు. తేమ సవరించకుండా తూచిన మళ్ళలో ఆలస్యంగా కోతకొచ్చే రకాలే గెలుస్తాయి, ఆ తేడాలో సగం నీళ్ళే. అడవి పందులు తొక్కి మొక్కలు 70 శాతం లోపే మిగిలిన మడిని లెక్కలోంచి తీసేయండి. ఆ మడికి అంచనా అంకె రాయడం తప్పు.

తరవాత ఏ రకం ఏ వైపుదో తేల్చాలి. అంకెలు ఊహించుకుందాం. ఒక నాటు రకం మొదటి టెస్టర్‌తో హెక్టారుకు 52 క్వింటాళ్ళు, రెండో దానితో 44 పండింది. అన్ని టెస్ట్‌క్రాస్‌ల సగటు మొదటి టెస్టర్‌తో 46, రెండోదానితో 47, మొత్తం సగటు 46.5. ఈ రకం సగటు 48 కాబట్టి సాధారణ సంయోజక శక్తి (ఏ టెస్టర్‌తో కలిపినా సగటున చూపే బలం) +1.5. మొదటి టెస్టర్‌తో విశిష్ట సంయోజక శక్తి (ఆ ఒక్క జతలోనే అదనంగా కనబడే బలం) 52 − 48 − 46 + 46.5 = +4.5, రెండోదానితో −4.5. అంటే ఈ రకం మొదటి టెస్టర్‌కు దూరపు చుట్టం, రెండోదానికి దగ్గరిది. దీన్ని రెండో టెస్టర్ వర్గంలో చేర్చాలి. మొదటి వర్గంలో కలిపితే ఆ +4.5 మొత్తం పోతుంది.

ఎంపికైన రకాన్ని లైన్‌గా మార్చడం

నాటు రకాన్ని నేరుగా స్వపరాగం చేసుకుంటూ పోతే లోపల దాగి ఉన్న చెడ్డ జన్యువులన్నీ బయటపడతాయి. తెల్ల మొలకలు, పొత్తు వేయని మొక్కలు, మూడో తరానికి సగం సాళ్ళు ఖాళీ. అందుకే ముందు అదే వర్గంలోని మంచి లైన్‌తో కలిపి, ఆ లైన్‌తోనే ఒకసారి వెనక్కి సంకరం చేస్తే నాటు వాటా 25 శాతం ఉంటుంది. దిగుబడి కోసమైతే 50 లేదా 25 శాతం, పొట్టు బిగువు లాంటి ఒక్క లక్షణం కోసమైతే రెండు మూడు వెనక సంకరాలు.

డబుల్ హాప్లాయిడ్ దారి వేగమైనది: ఒకే వరస క్రోమోజోములున్న (హాప్లాయిడ్) మొక్కను తీసి, ఆ క్రోమోజోములను రెట్టింపు చేసి ఒకేసారి స్థిరమైన లైన్ పొందడం. కర్ణాటకలోని కుణిగల్‌లో 2021లో మొక్కజొన్నకు ఇలాంటి కేంద్రం మొదలైంది. చెడ్డ జన్యువులున్న మొక్క ఈ పద్ధతిలో బతకదు, కాబట్టి జల్లెడ దానంతటదే పడుతుంది. చిక్కు ఒకటి: హాప్లాయిడ్ గింజను ఊదా రంగు గుర్తుతో ఏరతారు. కొన్ని గట్టిగింజ నాటు రకాల్లో రంగును అణచివేసే జన్యువు ఉంటుంది, కొన్నింటి గింజే ఊదాగా ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ ఏరడం కుదరదు. పంపే ముందు పది పొత్తుల మీద ఇండ్యూసర్ (హాప్లాయిడ్ గింజలు పుట్టించే ప్రత్యేక లైన్) పుప్పొడి చల్లి రంగు కనబడుతుందో లేదో చూసుకోండి.

అసలు విత్తనంలో ఒక భాగం హైదరాబాదులోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రానికి పంపి ఐసీ నంబరు (ఆ బ్యూరో నమోదు సంఖ్య) తీసుకోండి. రేపు హైబ్రిడ్‌ను నమోదు చేయించేటప్పుడు, గిరిజన, గ్రామీణ కుటుంబాలు కాపాడిన జన్యు వనరులు వాడినట్లయితే ఆ సంగతి దరఖాస్తులో చెప్పాలని 2001 నాటి మొక్క రకాల, రైతు హక్కుల చట్టం 40వ సెక్షను అంటుంది. మొదటి రోజు సంచి చీటీ మీద రాసిన ఊరు, ఇల్లు, తేదీ అప్పుడు కావాలి. పరాగం చల్లి పెంచిన విత్తనంలో రెండు కిలోలు తీసిపెట్టి, తరవాతి విత్తు కాలానికి ముందే ఆ ఇంటికి తిరిగి ఇచ్చి రండి.